ఒకటే గది... ఒకరికి చలి, ఒకరికి ఉక్క!

బయట ఎండ మండిపోతుంటుంది. ఆఫీసులో ఒకరు శాలువా కప్పుకుని వణుకుతుంటారు. పక్క సీట్లో ఉన్నవారు ‘ఉక్కపోస్తోంది, ఏసీ ఇంకాస్త తగ్గించండి’ అంటారు. రిమోట్ మీద అంకె ఇద్దరికీ ఒకటే కదా, మరి ఈ తేడా ఎందుకు?

* మొదట చల్లబరిచింది కాగితాన్ని!
1902లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సుకు పెద్ద చిక్కు వచ్చిపడింది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగడం, ముడుచుకోవడంతో రంగులు సరిగ్గా కుదిరేవి కావు. దాన్ని సరిచేయడానికి విల్లిస్ క్యారియర్ అనే 25 ఏళ్ల ఇంజినీరు రూపొందించిన ఏర్పాటే నేటి ఏసీలకు మూలం.

* ‘టన్ను’ అంటే బరువు కాదు
ఇది మంచుగడ్డలతో చల్లబరిచిన కాలం నాటి లెక్క. ఒక అమెరికన్ టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని బయటికి లాగేసేదే ఒక టన్ను ఏసీ. వాట్లలో చెప్పాలంటే దాదాపు 3,500.

* మనిషీ హీటరే
కుర్చీలో ఊరికే కూర్చున్నా మన ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. 35 మంది ఉన్న మీటింగ్ హాల్లో ఒక టన్ను ఏసీ అచ్చంగా ఆ ఒంటి వేడిని తీయడానికే సరి!

* హాయికి ఆరు లెక్కలు
డెన్మార్క్ ఇంజినీరు ఫ్యాంగర్ 1970లో వెలువరించిన పుస్తకంలో మనిషి హాయిని ఆరు అంశాలతో లెక్కగట్టారు. గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలూ అద్దాలూ వెదజల్లే వేడి, గాలి వేగం, తేమ, దుస్తులు, చేసే పని. అందుకే ఎండ తగిలే అద్దాల పక్కన కూర్చున్నవారికి అదే ఏసీ చాలదు. ఆరూ చక్కగా కుదిరినా నూటికి ఐదుగురికి అసౌకర్యం తప్పదని ఆయన లెక్క.

* సూటు తీస్తే కరెంటు మిగులుతుంది
దుస్తుల వెచ్చదనానికి 1941లో ‘క్లో’ అనే కొలమానం పెట్టారు. పూర్తి సూటు ఒక క్లో. పల్చని ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా అందులో సగం. 2005లో జపాన్ ప్రభుత్వం ‘కూల్ బిజ్’ ఉద్యమం మొదలుపెట్టి, కోటూ టై లేకుండా ఆఫీసుకు రండి, వేసవిలో ఏసీని 28 డిగ్రీల దగ్గర ఉంచండి అని కోరింది.

* ఆడవాళ్ల చలికి కారణం
ఒంట్లో పుట్టే వేడిని లెక్కగట్టే పాత ప్రమాణానికి ఆధారం 40 ఏళ్ల, 70 కిలోల మగవాడు. అది ఆడవాళ్ల విషయంలో ఆ వేడిని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చారు. అందుకే ఆ లెక్కతో పెట్టిన ఏసీ వాళ్లకు చలి పుట్టిస్తుంది.

* హైదరాబాదులో జంట పరీక్ష
పోచారంలోని ఇన్ఫోసిస్ ఒక భవనాన్ని అచ్చుగుద్దినట్టున్న రెండు సగాలుగా కట్టింది. ఒక సగానికి మామూలు ఏసీ. రెండో సగంలో కాంక్రీటు శ్లాబులోనే గొట్టాలు పరిచి చల్లని నీరు పారించారు. శ్లాబు చల్లబడి మనుషుల వేడిని తనలోకి తీసుకుంటుంది. అది చెమ్మగిల్లకుండా, లోపలికి పంపే గాలిలోని తేమను ముందే తగ్గిస్తారు. రెండేళ్ల లెక్కలు చూస్తే శ్లాబు పద్ధతికి మామూలు ఏసీ కంటే 34 శాతం తక్కువ విద్యుత్తు పట్టింది.

* 24తో మొదలు
2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవ్వాలన్నది నిబంధన. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది.

రిమోట్ మీద అంకె ఫ్యాంగర్ చెప్పిన ఆరింటిలో ఒకటి మాత్రమే. ఫ్యాను గది వేడిని తగ్గించదు కానీ ఒంటి వేడినీ చెమటనీ తీసుకుపోతుంది. కాబట్టి ఈసారి ఉక్క అనిపిస్తే ముందు కిటికీ తెర దించండి, ఫ్యాను వేయండి. రిమోట్ ముట్టుకునే ముందు శాలువా కప్పుకున్న పక్క సీటువారిని ఒక్క మాట అడగండి.