వెల్డింగ్ హెల్మెట్: డబ్బు దేనికి పెట్టాలి?

ఆర్క్ వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కాసేపు నేరుగా తగిలినా, ఆ రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. అందుకే హెల్మెట్‌లో ముందు చూడాల్సింది అద్దం. 60 నుంచి 160 ఆంపియర్ల రాడ్ వెల్డింగ్‌కు 10వ నంబరు నలుపు సరిపోతుంది. 250 దాకా వెళితే 12 మేలు.

మామూలు నల్లద్దం చవక, నమ్మదగినదే. కానీ ప్రతి ట్యాక్‌కూ ఎత్తి దించాలి. ఆ తొందరలోనే కళ్లకు దెబ్బ. ఆటో డార్కెనింగ్ రకం ఆర్క్ వెలగగానే రెప్పపాటు కన్నా వేగంగా నల్లబడుతుంది. రోజంతా ఇదే పని చేసేవారికి దానిపై పెట్టే ఖర్చు దండగ కాదు. సెన్సర్లు నాలుగుండాలి: పైపు అడ్డొచ్చి ఒకటి మూసుకుపోయినా మిగతావి పనిచేస్తాయి. పైనున్న బొమ్మలకు మాత్రం అదనంగా ఇవ్వక్కర్లేదు. అద్దానికి ముందుండే, రవ్వలు పడి పాడయ్యే పలక ఊళ్లో దొరకకపోతే, ఎంత చవకైనా ఆ మోడల్ వద్దు.