భోజనాల బల్లకు ఏ రాయి?

శిలలు మూడు రకాలని మీరు గత పాఠంలో చదువుకున్నారు: అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు. ఆ పేర్లు పరీక్ష రాయడానికి మాత్రమే అనుకోకండి. భోజనాల బల్లకు పైపలక కొనాలని రాళ్ళ దుకాణానికి వెళ్ళినప్పుడు అవే మీకు అక్కరకు వస్తాయి. కొలత ప్రకారం కోయించి, అంచులు నున్నగా చేయించిన పలకను దుకాణందారు తిరిగి తీసుకోడు. ఒకసారి బిగించాక ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి దాని మీదే తినాలి. కాబట్టి డబ్బు చెల్లించకముందే రాయి సంగతి తెలుసుకోవడం మేలు.

దుకాణంలో మనం సాధారణంగా రంగు, మెరుపు చూసి ఎంచుకుంటాం. మెరుపు సానపట్టే యంత్రం ఇచ్చింది. దాన్ని బట్టి రాయి గుణం తెలియదు. మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ రాయి ఏ ఖనిజాలతో ఏర్పడింది? మన భోజనంలోని పులుపుకు తట్టుకుంటుందా?

పులుపు చేసే పని

మన ఇళ్ళలో పులుపు లేని పూట అరుదు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. పాలరాయి, నాపరాయి ముఖ్యంగా కాల్షియం కార్బొనేటుతో ఏర్పడతాయి. ఆమ్లం తగిలినప్పుడు కాల్షియం కార్బొనేటు కొద్దికొద్దిగా కరిగి, కార్బన్ డయాక్సైడు వాయువు వెలువడుతుంది. చారు చుక్క పడి కొంతసేపు నిలిచిన చోట పైపొర దెబ్బతిని, మెరుపు పోయి, పాలిపోయిన మచ్చ మిగులుతుంది. ఎంత తోమినా ఆ మచ్చ పోలేదని చాలామంది అంటారు. పోదు. అది రాయికి అంటిన మరక కాదు; రాయి కరిగిపోయిన చోటు. మళ్ళీ సానపట్టిస్తే తప్ప అక్కడ మెరుపు రాదు.

పసుపు, నూనెల సంగతి వేరు. అవి రాతిలోని సన్నని రంధ్రాలలోకి ఇంకుతాయి. ఇలా ఇంకకుండా పైన పూసే ద్రవాన్ని సీలరు అంటారు. అది ఇంకడాన్ని ఆలస్యం చేస్తుంది గాని, పులుపు పాలరాయిని తినివేయడాన్ని ఆపలేదు. సీలరు వేస్తే ఇక ఏ భయమూ లేదని ఎవరైనా చెబితే ఈ తేడా గుర్తుచేసుకోండి.

రోలు రాయి, నేల రాయి

ఈ విషయం మన పెద్దలకు అనుభవంలో తెలిసినదే. పాత ఇంట్లో నేలకు పరచిన బండలను చూడండి. అవి తాండూరు బండలో, బేతంచెర్ల నాపరాళ్ళో, కర్ణాటక నుంచి వచ్చిన షాబాదు బండలో అయి ఉంటాయి. పొరలు పొరలుగా పేరుకున్న అవక్షేప శిల కాబట్టి పలకలుగా లేపడం సులభం. ఇవన్నీ సున్నపురాయి జాతివే. రాజస్థాన్‌లోని కోటా రాయి కూడా అదే కుటుంబానికి చెందింది.

ఇప్పుడు అదే ఇంట్లో రోలును చూడండి. చింతకాయ పచ్చడి, గోంగూర పచ్చడి తరాల తరబడి నూరినా పులుపు దాన్ని ఏమీ చేయలేదు. అది గ్రానైటు వంటి గట్టి రాయితో మలచినది. నేలకు పరచిన రాయితో ఎవరూ రోలు చేయించుకోలేదు. మీ భోజనాల బల్లకు కావలసింది రోలు జాతి రాయి.

గ్రానైటులో ముఖ్యంగా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు ఉంటాయి. వంటింటి పులుపులు వాటిని కరిగించలేవు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో పాలరాతిలోని కాల్సైటు స్థానం 3, ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. ఉక్కు కత్తి సుమారు 5.5. కత్తి గీత పాలరాతి మీద ఎందుకు పడుతుందో, గ్రానైటు మీద ఎందుకు పడదో మీరే చెప్పవచ్చు.

అయితే పేరును మాత్రం గుడ్డిగా నమ్మకండి. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే, చుక్కలు చుక్కలుగా మెరిసే నల్లరాయిని బ్లాక్ గెలాక్సీ గ్రానైటు పేరుతో దేశదేశాలలో అమ్ముతారు. భూవిజ్ఞానం ప్రకారం అది గ్రానైటు కాదు. గాబ్రో జాతి అగ్నిశిల. అందులో మెరిసేది బ్రాంజైటు అనే ఖనిజం. అయినా బల్లకు ఎంతో మంచిది. మరోవైపు కడప నల్లబండ సున్నపురాయి. సానపట్టిన కడప బండను నల్ల గ్రానైటు పక్కన పెడితే అలవాటు లేని కంటికి తేడా తెలియదు. అలమర అరలకు అది చవకైన చక్కని రాయి. పులుసు ఒలికే చోటికి మాత్రం తగదు.

రాజస్థాన్‌లోని మక్రానా పాలరాతితో తాజ్‌మహల్‌నూ, కలకత్తాలోని విక్టోరియా మెమోరియల్‌నూ కట్టారు. అంత గొప్ప రాయి మన ఇంట్లోనూ ఉండాలనిపించడం సహజం. కాని తాజ్‌మహల్‌లో ఎవరూ పులుసు వడ్డించుకోరు కదా! పాలరాయే కావాలనుకుంటే మెరుగు పెట్టని పలక తీసుకోండి. మచ్చలు పడినా అంతగా కనిపించవు.

చేసి చూడండి

కొనదలచిన పలక నుంచే కోసిన చిన్న ముక్కను దుకాణంలో అడిగి తీసుకోండి. దాని మెరుగు వైపున నిమ్మరసం చుక్క వేసి, పది నిమిషాల తర్వాత తుడిచి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. మెరుపు తగ్గిన గుర్తు కనిపిస్తే అందులో కాల్షియం కార్బొనేటు ఉన్నట్లే. మరోచోట నీటి చుక్క వేసి పావుగంట ఆగండి. రాయి రంగు ముదిరితే నూనె, పసుపు కూడా ఇంకుతాయి. నల్లరాయి అయితే గోళ్ళరంగు తుడిచే ద్రవంతో గుడ్డ తడిపి రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే పలకకు రంగు వేశారన్న మాట.

బరువు లెక్క

150 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న పలక ఘనపరిమాణం 27,000 ఘనసెంటీమీటర్లు. ఘనసెంటీమీటరు రాయి సుమారు 2.7 గ్రాములు తూగుతుంది. అంటే పలక బరువు దాదాపు 73 కిలోలు. రాయి నొక్కుడుకు బాగా తట్టుకుంటుంది, వంపుకు తట్టుకోదు. అందుచేత నాలుగు మూలల కాళ్ళ మీద మాత్రమే నిలపకుండా, కింద ఇనుప చట్రమో మందపాటి చెక్కో వేయించండి.

కోసేవారి ఊపిరి

ఇటీవల కృత్రిమ క్వార్ట్జ్ పలకలు ఎక్కువగా అమ్ముతున్నారు. రాతిపొడిని రెజిన్ అనే జిగురుతో కలిపి అచ్చుపోసినవి ఇవి. పులుపుకు తట్టుకుంటాయి. వేడి గిన్నె పెడితే మాత్రం జిగురు మాడి మచ్చ పడుతుంది, కాబట్టి కింద కుదురు తప్పనిసరి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. క్వార్ట్జ్ అంటే స్ఫటిక రూపంలోని సిలికా. ఈ పలకల్లో కొన్నింటిలో అది 90 శాతానికి పైగా ఉంటుంది. కోసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇటువంటి పలకలను నిషేధించింది. మన దేశంలో గనులు, రాతిపని ఎక్కువగా ఉన్న రాజస్థాన్ ప్రభుత్వం సిలికోసిస్ బాధితుల కోసం 2019లో ప్రత్యేక విధానం తెచ్చింది.

గ్రానైటులోనూ క్వార్ట్జ్ ఉంది, అయితే అంత ఎక్కువ కాదు. బల్లను పులుపు నుంచి కాపాడే ఖనిజమే కోసేవారి ఊపిరి తీస్తుందన్న మాట. చీమకుర్తి రాయి వంటి గాబ్రో జాతిలో క్వార్ట్జ్ బాగా తక్కువ కాబట్టి, రెండు విధాలా చూస్తే బల్లకు అదే నా మొదటి ఎంపిక. ధర అందకపోతే మామూలు గ్రానైటు తీసుకోండి. ఏ రాయినైనా నీరు పోస్తూ కోసే యంత్రం ఉన్నచోటే కోయించండి. మీ గుమ్మం ముందు పొడిగా కోయనివ్వకండి. మీలో కొందరు ఈ పనిలోనే ఉండవచ్చు. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఇంత సన్నని ధూళిని ఆపలేదని మీ తోటివారికీ చెప్పండి.

పాఠంలోని ప్రశ్నలు

1. పాలరాతి మీద పడిన చింతపండు మచ్చ సబ్బుతో ఎందుకు పోదు?
2. మీ ఇంట్లో నేలకు ఒక రాయి, రోలుకు మరో రాయి వాడి ఉంటే, రెండింటి మీద నిమ్మరసం చుక్క వేసి కనిపించిన తేడాను రాయండి.