తెల్లవారకముందే సమాధుల తోటకు

శనివారం సాయంత్రానికల్లా సున్నం వేయడం అయిపోతుంది. కలుపు పీకి, పగిలిన గట్లకు సిమెంటు పూసి, సిలువ మీద చెరిగిపోయిన పేర్లను మళ్లీ నల్లరంగుతో దిద్దుతారు. ఆదివారం కోడి కూయకముందే గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లోని ఎన్నో ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలు పూలదండలు, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు బయల్దేరతాయి. నాయనమ్మ సమాధి మీద ఒకటి, పెదనాన్న సమాధి మీద ఒకటి చొప్పున కొవ్వొత్తులు వెలిగిస్తుంటే చీకట్లో తోటంతా మినుకుమంటుంది. తూరుపు తెల్లబడే వేళకు పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడతారు.

అదే ఈస్టర్.

క్రిస్మస్ గురించి క్రైస్తవులు కానివారికీ ఎంతో కొంత తెలుసు. నక్షత్రం, చెట్టు, కేకు కళ్ల ముందు మెదులుతాయి. ఈస్టర్ అనగానే మాత్రం చాలామందికి గుర్తొచ్చేది రెండు రోజుల ముందు వచ్చే గుడ్ ఫ్రైడే సెలవే. కానీ క్రైస్తవ పండుగల్లో పాతది, పెద్దది ఇదే. డిసెంబరు 25న క్రిస్మస్ జరిపారనడానికి తొలి ఆధారం నాలుగో శతాబ్దపు రోములో దొరుకుతుంది. ఈస్టర్ ఏ రోజు చేసుకోవాలన్న దాని మీద రెండో శతాబ్దంలోనే పెద్దలు వాదించుకున్నారు.

ఆ వాదన ఎందుకొచ్చిందో తెలియాలంటే యూదుల పస్కా దగ్గరికి వెళ్లాలి. ఐగుప్తు దాస్యం నుంచి తమ పూర్వీకులు బయటపడిన రాత్రిని తలచుకుంటూ యూదులు పులియని రొట్టెలతో జరుపుకునే పండుగ అది. వాళ్ల నీసాను నెలలో, పున్నమి నాటికి వస్తుంది. యేసును యెరూషలేములో సిలువ వేసింది ఆ పండుగ రోజుల్లోనే అని, మూడో రోజున, ఆదివారం తెల్లవారుజామున ఆయన లేచాడని సువార్తలు చెబుతాయి. అందుకే ఆసియా మైనరు సంఘాలు పస్కా తిథినే పట్టుకున్నాయి, అది ఏ వారమైనా సరే. రోము సంఘం ఆదివారాన్ని పట్టుకుంది. సుమారు క్రీ.శ. 155లో స్ముర్న బిషప్పు పాలికార్పు, అప్పటికే పండు ముసలి, ఈ సంగతి మాట్లాడటానికి రోముకు ప్రయాణం కట్టాడు. రోము బిషప్పు అనిసెటస్ ఆయన మాటకు ఒప్పుకోలేదు, ఆయనా ఈయన మాటకు ఒప్పుకోలేదు. అయినా ఇద్దరూ కలిసి ప్రభు బల్లలో పాలుపంచుకుని శాంతిగా విడిపోయారు. తరవాతి శతాబ్దాల్లో ఇంతకన్నా చిన్న విషయాలకే సంఘాలు చీలిపోయిన చరిత్ర చదివినవారికి ఈ ఇద్దరు పెద్దల మీద గౌరవం కలగక మానదు.

325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ అందరూ ఒకే ఆదివారం పండుగ చేసుకోవాలని తేల్చింది. క్రమంగా స్థిరపడిన లెక్క ఇది: మార్చి 21న గానీ, ఆ తరవాత గానీ వచ్చే తొలి పున్నమి దాటాక వచ్చే మొదటి ఆదివారం ఈస్టర్. అందువల్ల అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. పంచాంగం చూసే తెలుగువారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. 2024లో హోలీ పున్నమి మార్చి 25న వస్తే, ఆ వెంటనే 31న ఈస్టర్ వచ్చింది. 2026లో చైత్ర పున్నమి ఏప్రిల్ 2న, ఈస్టర్ 5న. అయితే చర్చి చూసేది ఆకాశంలోని చంద్రుణ్ని కాదు, తన పట్టికల్లోని చంద్రుణ్ని. 2019 మార్చి 21న పున్నమి వచ్చినా పట్టికల ప్రకారం అది ఒక రోజు ముందే అయిపోయినట్టు లెక్క. దాంతో పండుగ ఏకంగా ఏప్రిల్ 21కి జరిగింది. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాల్లో ఎక్కువభాగం ఇప్పటికీ పాత జూలియన్ క్యాలెండరునే అనుసరిస్తాయి కనుక వాళ్ల పండుగ చాలా ఏళ్లు వేరే రోజున పడుతుంది. 2025లో రెండూ ఏప్రిల్ 20నే కలిశాయి.

ఇక పేరు. ఇంగ్లండు సన్యాసి బీడ్ 725లో రాసిన కాలగణన గ్రంథంలో, ఈయోస్ట్రె అనే దేవత పేరు మీద పిలిచే నెల నుంచి ఈ మాట వచ్చిందన్నాడు. ఆ దేవత గురించి అంతకుముందు రాసినవారెవరూ లేరు. ఆ ఒక్క వాక్యం మీద ఎన్నో కథలు అల్లుకున్నాయి గానీ, ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్, రష్యన్ భాషల్లో పండుగ పేరు నేటికీ పస్కా నుంచి పుట్టిందే.

పండుగకు ముందు నడిచే నలభై రోజులు తెలుగు సంఘాల్లో శ్రమల కాలం. భస్మ బుధవారం నాడు కతోలిక్కులు నుదుట పెట్టుకునే బూడిద, కిందటేడు మట్టల ఆదివారం దాచిన మట్టలను కాల్చి చేసిందే. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు సాగుతాయి. చాలా చర్చిల్లో ఒక్కో మాటకు ఒక్కొక్కరు లేచి చెబుతారు. తెలుగు పల్లెలో ఇంత సొంతమైపోయిన ఈ మూడు గంటల ఆరాధన పదిహేడో శతాబ్దం చివర దక్షిణ అమెరికాలో, పెరూ దేశపు లీమా నగరంలో జెసూట్ గురువులు మొదలుపెట్టింది.

రంగు గుడ్ల పుట్టుకలో ఉపవాసానికి పెద్ద పాత్రే ఉంది. మధ్యయుగ ఐరోపాలో ఆ నలభై రోజులూ గుడ్లు నిషిద్ధం. కోళ్లు మాత్రం పెట్టడం మానవు కదా! పోగైన గుడ్లను ఉడికించి, రంగులద్ది పండుగనాడు పంచుకునేవారు. 1290లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఇంటి ఖర్చుల చిట్టాలో 450 గుడ్లకు పద్దు ఉంది, రంగులూ బంగారు రేకులూ అద్ది పరివారానికి పంచడానికి. గ్రీకులు క్రీస్తు రక్తానికి గుర్తుగా ఎర్రరంగు వేస్తారు. బ్రిస్టల్‌లోని ఫ్రై కంపెనీ 1873లో చాక్లెట్ గుడ్డు తయారుచేసింది. గుడ్లు తెచ్చే కుందేలు జర్మనీది, 1682 నాటి ఒక వైద్యుడి రచనలో కనిపిస్తుంది. ఇవన్నీ ముచ్చటైనవే. మన దగ్గర మాత్రం నగరాల బేకరీలు, కొన్ని బడులు దాటి పెద్దగా లోపలికి రాలేదు.

వచ్చి నిలిచింది సమాధుల దగ్గరి వేకువ. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ సంఘపు యువకులు ఈస్టర్ తెల్లవారుజామున కొండ మీది శ్మశానానికి వెళ్లి, సమాధుల నడుమ నిలబడి పాడారు. సూర్యోదయ ఆరాధనకు అదే ఆరంభమంటారు. అమెరికాలోని సేలంలో మొరేవియన్లు 1772 నుంచి దాన్ని కొనసాగిస్తున్నారు. వాళ్లూ ముందురోజు సమాధులు కడిగి పూలు పెడతారు. సువార్త కథలో మొదట సమాధికి వెళ్లింది స్త్రీలు. ఇంకా చీకటి ఉండగానే, సుగంధ ద్రవ్యాలు పట్టుకుని, దేహానికి పూయాలని బయల్దేరినవారు. తమవారిని పోగొట్టుకుని పూలు పట్టుకుని నడిచే తెలుగు ఇల్లాలు వాళ్ల అడుగుల్లోనే అడుగు వేస్తోంది. లోకంలో ఈస్టర్‌కు ఎన్ని వేడుకలున్నా ఆ మొదటి ఉదయానికి ఇంత దగ్గరగా ఉన్నది మరొకటి లేదు.

2027లో ఈస్టర్ మార్చి 28న. ముందురోజు సాయంత్రం మీ ఊళ్లో సమాధుల తోట పక్కగా వెళ్లాల్సి వస్తే ఒక్క నిమిషం ఆగండి. సున్నం బకెట్టుతో కనిపించినవారిని ఆ సమాధి ఎవరిదని అడగండి.