ల్యాప్‌టాప్ ఆన్ చేసి టీ పెట్టుకొస్తున్నారా?

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌నని తెలిస్తే చాలు, పెళ్లిళ్లలో కొత్తగా పరిచయమైన వాళ్లు కూడా అడిగే ప్రశ్న ఒకటుంది. 'బాబూ, మా ల్యాప్‌టాప్ ఆన్ అవ్వడానికి పది నిమిషాలు పడుతోంది. కొత్తది కొనేయమంటావా?' నేను కోడ్ రాసుకునేవాణ్ని, ల్యాప్‌టాప్‌లు రిపేరు చేయడం నా ఉద్యోగం కాదు. అయినా విని విని, ఇప్పుడు నేనూ తిరిగి ఒక్కటే అడుగుతున్నా. 'ఆ పది నిమిషాలూ స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది?'

చాలామంది దగ్గర జవాబుండదు. బటన్ నొక్కేసి టీ పెట్టుకోడానికి వెళ్లిపోతారు మరి. కానీ రోగమేంటో చెప్పేది ఆ పది నిమిషాలే. అది తెలియకుండా షాపుకెళ్తే వాళ్లు ఏం చెబితే అదే నిజం. ఏడెనిమిదేళ్ల ల్యాప్‌టాప్ పట్టుకెళ్తే 'పాతదైపోయింది, కొత్తది తీసుకోండి' అనడమే వాళ్లకి తేలిక.

ఎక్కడ ఆగుతోంది?

బటన్ నొక్కిన దగ్గర్నుంచి మీరు పని మొదలుపెట్టేదాకా మూడు అంచెలుంటాయి.

మొదటిది, మదర్‌బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రామ్ నిద్ర లేవడం. పాత వాటిలో దీన్ని బయోస్ అంటారు, కొత్త వాటిలో యూఈఎఫ్ఐ. ర్యామ్ ఉందా, కీబోర్డు ఉందా, డిస్క్ దొరుకుతోందా అని చూసుకుంటుంది. కంపెనీ లోగో కనిపించేది అప్పుడే. రెండోది, డిస్క్‌లో ఉన్న విండోస్ ర్యామ్‌లోకి ఎక్కడం. గుండ్రంగా చుక్కలు తిరిగేది ఇక్కడే. మూడోది, పాస్‌వర్డ్ కొట్టాక డెస్క్‌టాప్ వచ్చి, ఏది నొక్కినా తెరుచుకునే స్థితికి రావడం.

ఒక పని చేయండి. పెన్‌డ్రైవ్, ప్రింటర్, మౌస్ అన్నీ పీకేసి, ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, అప్పుడు ల్యాప్‌టాప్ బటన్ నొక్కండి. ఏ అంచెలో ఎంతసేపు పట్టిందో వీడియోలోనే తెలిసిపోతుంది.

లైటు వెలిగి లోగో కూడా రాకపోతే ర్యామ్, డిస్‌ప్లే లేదా పవర్ సమస్య అనుకోవచ్చు. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, తర్వాత ఛార్జర్ మాత్రమే పెట్టి ఆన్ చేసి చూడండి. కొన్నిసార్లు ఈ పాటి దానికే లేచి కూర్చుంటుంది. లోగో వచ్చి, చుక్కలు నిమిషాల తరబడి తిరుగుతుంటే అనుమానం డిస్క్ మీదకో, పాడైన విండోస్ ఫైళ్ల మీదకో వెళ్లాలి. డెస్క్‌టాప్ తొందరగానే వచ్చి ఆ తర్వాత మొరాయిస్తే, వెనకాల తెరుచుకుంటున్న యాప్‌లు, చాలీచాలని ర్యామ్ కారణం.

చెల్లి పంపిన వీడియో

నల్గొండలో ఉండే మా పిన్ని కూతురు బీటెక్ ఫైనలియర్. తన ల్యాప్‌టాప్ 2018లో కొన్నది. ఏడో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. ఒకరోజు ఆన్ అవుతుంది, ఒకరోజు నల్ల స్క్రీన్‌తో అలాగే ఉండిపోతుంది. దగ్గర్లోని షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారట. మంగళవారం ప్లేస్‌మెంట్ టెస్టు. ఇంట్లో కూర్చుని సొంత ల్యాప్‌టాప్‌లోనే రాయాలి, ఫోన్‌లో కుదరదు. ఏడాది పాటు చేసిన ప్రాజెక్టు కూడా దాంట్లోనే ఉంది. బాబాయ్ కొత్తది ఈఎంఐలో తీసుకుందామని సిద్ధమైపోయాడు. 'అన్నయ్యా, నాన్నకి ఇప్పటికే నా ఫీజు అప్పుంది' అంది ఫోన్‌లో.

వీడియో తీసి పంపమన్నా. లోగో మూడు సెకన్లలో వచ్చింది. ఆ తర్వాత ఏడు నిమిషాలు చుక్కలే. మదర్‌బోర్డు పోతే అంత హుషారుగా లోగో రావడం కష్టం. 'బాబాయ్‌ని ఆగమను, శనివారం వస్తున్నా' అని చెప్పా.

ముందు ఫైళ్లు, తర్వాతే రిపేరు

ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కొనాల్సి వస్తే ల్యాప్‌టాప్ మళ్లీ దొరుకుతుంది, ప్రాజెక్టూ ఫొటోలూ దొరకవు. ఆన్ అయిన రోజే ముఖ్యమైనవి పెన్‌డ్రైవ్‌లోకో, గూగుల్ డ్రైవ్‌లోకో ఎక్కించేయండి. 'రీసెట్ దిస్ పీసీ' లాంటివి, డిస్క్ చెకింగ్ లాంటివి ఆ తర్వాతే. అసలే కొనఊపిరితో ఉన్న డిస్క్‌ని గంటల తరబడి చెక్ చేయిస్తే అది అక్కడే ఆగిపోవచ్చు.

విండోస్ తెరుచుకోకపోయినా దారుంది. వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద లైనక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌తోనే ల్యాప్‌టాప్‌ని ఆన్ చేయొచ్చు. ఆన్ చేసిన వెంటనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటి ఒక కీ నొక్కితే దేని నుంచి మొదలవ్వాలని అడుగుతుంది. ఏ కీ అనేది కంపెనీని బట్టి మారుతుంది. 'ఇన్‌స్టాల్' జోలికి వెళ్లకుండా 'ట్రై' అని ఉన్నది ఎంచుకోండి. మీ డిస్క్‌లోని ఫోల్డర్లు కనిపిస్తాయి, ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది.

చెల్లి ప్రాజెక్టు అలాగే బయటకు తీశాం. రెండు ఫైళ్లు కాపీ అవ్వడానికి మొండికేశాయి గానీ, ముఖ్యమైనవన్నీ వచ్చేశాయి.

డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే మాత్రం ఇవేవీ చేయకండి. వెంటనే ఆఫ్ చేయండి. లోపలి సూది లాంటి హెడ్ దెబ్బతిని ఉండొచ్చు. తిప్పే కొద్దీ డేటా ఇంకా పోతుంది. అంత విలువైనవి ఉంటే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకే తీసుకెళ్లాలి.

పైసా ఖర్చు లేని మందులు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'స్టార్టప్' చూడండి. మ్యూజిక్ యాప్, గేమ్ లాంచర్, మీటింగ్ యాప్, ప్రింటర్ వాళ్ల సాఫ్ట్‌వేర్... ఆన్ చేయగానే మేమూ వస్తామని లైన్ కట్టినవన్నీ అక్కడుంటాయి. అవసరం లేనివి 'డిజేబుల్' చేయండి. అన్‌ఇన్‌స్టాల్ అవ్వవు, పిలిచినప్పుడే వస్తాయి. యాంటీవైరస్‌నీ, టచ్‌ప్యాడ్, సౌండ్ డ్రైవర్లనీ కదపొద్దు. అదే పేజీలో చాలా ల్యాప్‌టాప్‌లకి 'లాస్ట్ బయోస్ టైమ్' అని సెకన్లలో ఉంటుంది. మొదటి అంచెకి పట్టిన సమయం అదే.

సీ డ్రైవ్ ఎర్రగీత దాకా నిండిపోయి ఉంటే కొంత ఖాళీ చేయండి. అప్‌డేట్లకీ, తాత్కాలిక ఫైళ్లకీ విండోస్‌కి కాస్త చోటు కావాలి. ఫైళ్లు పాడయ్యాయని అనుమానముంటే, బ్యాకప్ తీశాక, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'ఎస్‌ఎఫ్‌సీ' అక్షరాలు, ఒక ఖాళీ, స్లాష్, ఆ వెంటే 'స్కాన్‌నౌ' కొట్టండి. దెబ్బతిన్న విండోస్ ఫైళ్లని వెతికి బాగుచేస్తుంది.

షట్‌డౌన్‌లో కిటుకు

'షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్, రీస్టార్ట్ కొడితే మాత్రం బాగానే వస్తోంది' అని కొందరంటారు. దీనికి కారణం ఫాస్ట్ స్టార్టప్. 2012లో విండోస్ 8తో వచ్చింది. మీరు షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా పడుకోదు. తన లోపలి స్థితిని డిస్క్‌లో ఒక ఫైల్‌గా దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే మొదటి నుంచి మొదలవుతుంది. పాత డ్రైవర్లున్న ల్యాప్‌టాప్‌లలో ఈ దాచిన స్థితి నుంచి లేవడమే తంటా.

పరీక్షించడం తేలిక. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆఫ్ అవుతుంది. తర్వాత సరిగ్గా ఆన్ అయితే దొంగ దొరికినట్టే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి.

తేదీ వెనక్కెళ్తోందా?

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే, వెబ్‌సైట్లన్నీ 'కనెక్షన్ సురక్షితం కాదు' అంటుంటే, అది వైరస్ కాకపోవచ్చు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. చాలావాటిలో సీఆర్2032 అనే 3 వోల్టుల రకం. అది అయిపోతే గడియారం ఆగుతుంది, కొన్నిటిలో బయోస్ సెట్టింగులూ చెరిగిపోతాయి. 'బూటబుల్ డివైస్ లేదు' అనే మెసేజ్ రావడానికి ఇదీ ఒక కారణమే. బ్యాటరీ ఖర్చు చాలా తక్కువ. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానికి చిన్న వైరు అతికించి ఉంటుంది, అలాంటిదే అడిగి తీసుకోవాలి.

అసలు దొంగ హార్డ్‌డిస్క్

టాస్క్ మేనేజర్‌లో 'పెర్ఫార్మెన్స్' కింద మీ డిస్క్ హెచ్‌డీడీనా, ఎస్‌ఎస్‌డీనా అని రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అని ఉండి, వాడకం 100 శాతం చూపిస్తూ, స్పీడ్ మాత్రం సెకనుకి 1-2 ఎంబీ దగ్గర కొట్టుకుంటుంటే విషయం అర్థమైనట్టే.

పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేవి నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్క్‌లు. పెద్ద సినిమా ఫైల్‌ని వరసగా చదవమంటే ఫర్వాలేదు. కానీ విండోస్ లేచేటప్పుడు అక్కడో ముక్క ఇక్కడో ముక్క వేల చిన్న ముక్కలు చదవాలి. ప్రతి ముక్కకీ హెడ్ జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. అలా సెకనుకి వంద ముక్కలు చదవడమే గగనం. కిరాణా కొట్టులో ఒక్క కుర్రాడే ఉండి, చీటీలోని ప్రతి సరుక్కీ గోడౌన్‌కి వెళ్లొస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు. చవకరకంది కూడా సెకనుకి వేల ముక్కలు చదివేస్తుంది.

డిస్క్ ఆరోగ్యం చూడ్డానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. నీలం రంగులో 'గుడ్' అంటే సరే. పసుపు రంగులో 'కాషన్' వస్తే ఫైళ్లు తీసేసుకుని డిస్క్ మార్చాలి. చెల్లి డిస్క్‌కి పసుపే వచ్చింది. చదవలేక పెండింగ్‌లో పెట్టిన భాగాలు కొన్ని ఉన్నాయి. ఒకరోజు లేచి, ఒకరోజు లేవకపోవడానికి కారణం అదే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ముందే కొనుక్కెళ్లిన 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ పెట్టాం, ఖాళీ స్లాట్‌లో ఇంకో 4 జీబీ ర్యామ్ వేశాం. పాత డిస్క్‌ని క్లోన్ చేయకుండా విండోస్ కొత్తగా ఎక్కించాం, పాడైన ఫైళ్లు కూడా వెంట రాకూడదని. లైసెన్స్ మళ్లీ కొనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుని గుర్తుపడుతుంది, డిస్క్‌ని కాదు. ఇప్పుడు అరనిమిషం లోపే డెస్క్‌టాప్ వస్తోంది. కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న ముక్కతో పనైపోయింది. మంగళవారం టెస్టులో ఒక్కసారి కూడా ఆగలేదట. రిజల్ట్ సంగతి ఆ కంపెనీ చూసుకుంటుంది.

షాపులో ఏం అడగాలి?

స్క్రూలు విప్పడం భయమైతే షాపులోనే చేయించండి. వెళ్లే ముందు మీ మోడల్‌కి ఎస్‌ఎస్‌డీ ఏ రకం పడుతుందో, ర్యామ్ డీడీఆర్3నా 4నా, ఖాళీ స్లాట్ ఉందా లేక బోర్డుకే అతికించేశారా అని చూసుకోండి. 'మదర్‌బోర్డు పోయింది' అంటే ఏం పరీక్షించి చెప్పారో అడగండి. పాత డిస్క్ తప్పకుండా వెనక్కి తీసుకోండి. మీ ఫొటోలు, ఆధార్ కాపీలు అన్నీ దాంట్లోనే ఉంటాయి.

ఎప్పుడు ఖర్చు పెట్టకూడదు?

విండోస్ 11కి ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అధికారిక అనుమతి. టీపీఎం 2.0 కూడా ఉండాలి. విండోస్ 10కి మామూలు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే ఇంకొంత కాలం వస్తాయి. ఆ తర్వాత అదే ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ వేసుకుంటే బ్రౌజింగ్‌కీ, కోడింగ్ నేర్చుకోవడానికీ ఢోకా లేదు. అయితే ఆన్‌లైన్ పరీక్షలకి వాడే కొన్ని సాఫ్ట్‌వేర్లు లైనక్స్‌లో పనిచేయవు. ప్లేస్‌మెంట్లు ముందున్న వాళ్లు ఇది చూసుకోవాలి.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, అడుగు మూత సరిగ్గా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, ముందు అది మార్పించండి. బ్యాటరీ, హింజ్, స్క్రీన్ మూడూ ఒకేసారి పోయిన ల్యాప్‌టాప్ మీద మాత్రం డబ్బులు పోయకండి. అప్పుడు కొత్తది కొనడమే లాభం. కొనేటప్పుడు ఎస్‌ఎస్‌డీ ఉందో లేదో చూసుకుని మరీ కొనండి.