అరకు కొండలకు విశాలకోణ కటకం

శీతకాలం ప్రవేశించగానే విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే రైలులో కెమెరా పట్టుకోని ప్రయాణికుడు అరుదు. 2017లో అద్దాల కప్పు గల విస్టాడోమ్ పెట్టె ఈ మార్గంలో చేరిన తరువాత ఆ ఉత్సాహం మరింత పెరిగినది. ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: “ఈ లోయ యావత్తూ ఒక్క చిత్రంలో ఇమడాలంటే ఏ లెన్సు కొనవలె?” చిక్కంతా ఆ “యావత్తూ” అన్న మాటలోనే ఉన్నది. లోయనంతటినీ ఇముడ్చుకొనే కటకం కొండను చీమంత చేస్తుంది. అంచున నిలిచిన మనిషి ముఖాన్ని సాగదీస్తుంది. కంటికి చెందిన ఈ సంగతిని చెవికి చెప్పవలసి వచ్చినందున కొన్ని లెక్కలను ఆశ్రయించక తప్పదు. అవి హెచ్చవేతను, భాగహారాన్ని మించినవి కావు.

ఫుల్ ఫ్రేమ్ అనగా 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల చట్రం. 1925లో లైకా కెమెరా సినిమా ఫిల్మును అడ్డంగా త్రిప్పి వాడుకొన్నప్పుడు స్థిరపడిన కొలత ఇది. ఫిల్ము పోయి సెన్సారు వచ్చినా కొలత మారలేదు. ఇక ప్రైమ్ లెన్సు అంటే జూమ్ వలె ముందుకు వెనుకకు సాగక, ఒకే నాభ్యంతరం గల కటకం. నాభ్యంతరం తగ్గినకొద్దీ దృష్టి విశాలమవుతుంది. 50 మిల్లీమీటర్ల కటకం అడ్డంగా సుమారు 40 డిగ్రీలు చూస్తుంది. 35ది 54, 28ది 65, 24ది 74, 20ది 84 డిగ్రీలు. డిగ్రీలు గుర్తుండనివారు ఈ సూత్రం గుర్తుంచుకొనవచ్చును. మీకూ దృశ్యానికీ నడుమ ఉన్న దూరాన్ని 36తో హెచ్చవేసి నాభ్యంతరంతో భాగిస్తే, ఎంత వెడల్పు చిత్రంలో పట్టేదీ తెలుస్తుంది.

గాలికొండ వద్ద ఆగి లోయవైపు చూస్తున్నామనుకొందాం. మూడు కిలోమీటర్ల దూరాన, పాదం నుండి 300 మీటర్లు లేచిన కొండ ఒకటి ఎదుట ఉన్నది. 24 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే సెన్సారు మీద దాని ఎత్తు 2.4 మిల్లీమీటర్లు, అనగా చిత్రం ఎత్తులో పదవ వంతు. 20తో తీస్తే పన్నెండవ వంతు. తక్కినదంతా ఆకాశం, ముందున్న చెట్ల కొమ్మలు. అదే కొండ 50 మిల్లీమీటర్ల సాధారణ కటకంలో సుమారు అయిదవ వంతు ఆక్రమిస్తుంది. మన కన్ను కొండను పెద్దదిగా ఎంచుకొని చూస్తుంది. కటకానికి ఎంచుకొనే గుణం లేదు. కాబట్టి దూరపు కొండల కోసమే విశాలకోణం కొనదలచినవారు ఆ డబ్బు దాచుకొనడం మేలు.

విశాలకోణం పుట్టినది దూరానికి కాదు, దగ్గరకు. అక్టోబరు దాటిన తరువాత అరకు పొలాలలో వలిసెలు పూస్తాయి. ఆ పసుపుపచ్చ చేను గట్టున మోకాళ్ళ మీద కూర్చుండి, చేతికందే పువ్వు మొదలు వెనుకనున్న కొండ వరకు చూపదలిస్తే, అప్పుడు 24 తన విద్య చూపుతుంది. రంధ్రాన్ని ఎఫ్ 8 వద్ద ఉంచి, 2.4 మీటర్ల దూరానికి దృష్టి నిలిపితే 1.2 మీటర్ల నుండి అనంతం వరకు స్పష్టంగా వస్తుంది. అదే ఎఫ్ 8 వద్ద 35 మిల్లీమీటర్ల కటకానికైతే స్పష్టత రెండున్నర మీటర్ల తరువాత గాని ఆరంభం కాదు. పువ్వు పెద్దదై, కొండ చిన్నదై, నడుమ చేను పరచుకొంటుంది. ఆ కొండ చిన్నదైనందుకు ఇక్కడ ఎవరూ బాధపడరు.

బొర్రా గుహల సంగతి వేరు. అక్కడ మెట్ల మీద వెనుకకు జరుగుదామంటే గోడ అడ్డం, పక్కకు జరుగుదామంటే యాత్రికులు. పైకప్పు నుండి వ్రేలాడే సున్నపురాతి ఊడలను, నేల నుండి వాటి కెదురు లేచిన స్తంభాలను ఒకేమారు పట్టవలెనంటే 24 గాని 20 గాని అవసరమే. ప్రైమ్ లెన్సు జూమును ఓడించేదీ ఇక్కడనే. ఎఫ్ 1.8 రంధ్రం ఎఫ్ 4 రంధ్రానికన్న దాదాపు అయిదు రెట్లు వెలుతురును లోనికి రానిస్తుంది. జూముతో సెకండులో అయిదవ వంతు కాలం తెరచి ఉంచవలసిన చోట, ప్రైముతో ఇరవై అయిదవ వంతు చాలును. నేటి కెమెరాలలో చేతివణుకును సరిదిద్దే యంత్రం ఉన్నదని కొందరంటారు. నిజమే, రాయి కదలకుండా వస్తుంది. కాని దాని ముందు దీపానికి నమస్కరిస్తున్న మనిషి ఆ యంత్రం మాట వినడు.

ఇంతవరకు రాళ్ళూ చెట్లూ. మనుషుల విషయానికి వస్తే కటకం ఎంపిక మర్యాదకు సంబంధించిన ప్రశ్న అవుతుంది.

చైత్రమాసంలో ఇటుకల పండుగ వేళ ఈ కొండలలో థింసా ఆడతారు. తుడుము, కిరిడి, జోడుకొమ్ములు మ్రోగుతుండగా స్త్రీలు ఒకరినొకరు పట్టుకొని వరుసగా అడుగు వేస్తారు. పదునైదుగురు నిలిచిన వరుస ఏడున్నర మీటర్లు ఉన్నదనుకొందాం. 35 మిల్లీమీటర్ల కటకంతో ఆ వరుసను పట్టడానికి ఏడు మీటర్లకు కొంచెం పైగా వెనుకకు నిలవవలె. 24తో అయిదు మీటర్లు, 20తో నాలుగు మీటర్లకు కొంచెం పైగా చాలును. చోటు తక్కువైనప్పుడు 20 వరప్రసాదమని తోస్తుంది. అయితే సమతలం మీద బింబాన్ని పరచే ఏ కటకమైనా అంచులలో గుండ్రని వస్తువును కోడిగ్రుడ్డు వలె సాగదీస్తుంది. ఇది తయారీలోని లోపం కాదు, జ్యామితి. ఎంత వెల పెట్టినా పోదు. చట్రం కుడి ఎడమల అంచులలో ఈ సాగుదల 35 మిల్లీమీటర్ల కటకంలో నూటికి 12 పాళ్ళు, 24లో 25 పాళ్ళు, 20లో 34 పాళ్ళు. మధ్యనున్న ఆమె అందంగానే ఉంటుంది. వరుస చివరన ఉన్న ఆమెకు తలలో మూడవ వంతు అదనంగా వచ్చి చేరుతుంది. ఆ చిత్రాన్ని అచ్చువేయించి ఊరికి పంపితే, ఆమె దానిని ఇంట్లో గోడకు తగిలించుకొంటుందా?

ఈ మాట ఊరక అనడం లేదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలుగా ప్రకటించిన దక్షిణ హిందూదేశపు కులాలు, తెగల గ్రంథంలో గదబలు, పొరజలు, ఖోండులు కూడా ఉన్నారు. ఆయన ముక్కులూ తలలూ కొలిచిన మనిషి. ఆ గ్రంథపు చిత్రాలలో చాలామంది పేరులేని నమూనాలుగా నిలిచి ఉంటారు. అటువంటి చూపుకు కొండవాసులు ఒకసారి గురి అయినారు. కటకం తప్పుగా ఎన్నుకొని మరల వింతముఖాలను చేయడం న్యాయం కాదు.

ఇందులో ఒక అపోహ కూడా తొలగించవలె. ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోయినట్లు కనబడేది కటకం వల్ల కాదు, దగ్గరతనం వల్ల. ఒక మీటరు దూరంలో నిలిచి ఏ కటకంతో తీసినా ముఖం తీరు ఒక్కటే. కటకం ఎంత పొట్టిదైతే మనలను అంత ముందుకు లాగుతుంది, అంతే. మా వృత్తిలోనూ ఇదే చూస్తాము. మైక్రోఫోను తుడుము పక్కనే పెట్టితే పాట మాయమవుతుంది. నేరం మైక్రోఫోనుది కాదు. దగ్గరకు పోయేవారు అడిగి పోవలె. అడిగే వ్యవధి లేనిచోట కెమెరా దించుకొనవలె.

ఈ కటకాలు పూర్వం ఎందుకు బరువుగా ఉండేవో కూడా చెప్పుకొందాం. అద్దం గల కెమెరాలో ఆ అద్దం లేవడానికి కటకం వెనుక చోటు కావలె. నికాన్ ఎఫ్ పద్ధతిలో అది 46.5 మిల్లీమీటర్లు. పొట్టి నాభ్యంతరాన్ని అంత దూరం నెట్టడానికి 1950లో ఫ్రాన్సులో పియర్ ఆంజెన్యూ రెట్రోఫోకస్ నిర్మాణం తెచ్చినాడు. ముందు పెద్ద పుటాకార గాజు, వెనుక పలు గాజులు. అద్దం తీసివేసిన కెమెరాలలో ఆ నిర్బంధం సడలినది. 2018లో వచ్చిన నికాన్ జడ్ పద్ధతిలో ఆ చోటు 16 మిల్లీమీటర్లు మాత్రమే. నేడు సోనీ 20 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకం 373 గ్రాములు. కేనన్ 28 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 అయితే 120 గ్రాములే. కటికి జలపాతానికి నడిచేవారికి ఈ తేడా మోకాళ్ళలో తెలుస్తుంది.

అనంతగిరి కాఫీతోటలలో సిల్వర్ ఓక్ చెట్ల కింద కెమెరాను పైకెత్తితే మ్రాకులన్నీ ఒకదానిమీద ఒకటి పడబోతున్నట్లు వస్తాయి. కెమెరాను నిటారుగా పట్టి, నేల కొంత ఎక్కువ వచ్చినా సహించవలె. నీలాకాశం కోసం పోలరైజర్ తొడగడం 24 వంటి కటకాలలో అనర్థం. ఆకాశం ఒకవైపు నలుపెక్కి, మరొకవైపు వెలవెలబోతుంది.

ఇంతకూ ఏది కొనవలె? 50 మిల్లీమీటర్ల కటకం ఇదివరకే ఉండి, గుహలూ పొలాలూ తీయదలచినవారికి 24. ఒక్కటే కటకంతో కుటుంబాన్నీ, సంతనూ, థింసానూ తీయదలచినవారికి 35. నా మట్టుకు 28 ఇష్టం; ఆ రెంటి నడుమ రాజీ అని దానిని చిన్నచూపు చూసేవారున్నారు గాని, ముఖం అంతగా చెడకుండా ఇంటి వసారా అంతా చూపేది అదే. 20 అద్దెకు తెచ్చుకొనదగినది.

కొనకముందు ఒక పరీక్ష చేయండి. మీ వద్దనున్న జూమును 24 వద్ద ఉంచి, వలయం కదలకుండా టేపు అంటించి ఒక పూట తీయండి. మరునాడు 28 వద్ద, ఆ మరునాడు 35 వద్ద. ఇంటికి వచ్చి చూసుకొంటే ఏ పూట చిత్రాలలో అంచులు కత్తిరించవలసి వచ్చినదో, ఏ పూట గోడకు వీపు ఆనినదో తెలిసిపోతుంది. కటకం కొన్న తరువాత వానకాలంలో కొండల నుండి తెచ్చిన సంచీని మూసి బీరువాలో పెట్టవద్దు. గాజు మీద బూజు పడుతుంది. తుడిచి, ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగల డబ్బాలో ఉంచి, ఆ పొట్లాన్ని నెలకొకసారి మార్చండి.