సగము దాటినను చాలలేదు

సగముకంటె ఎక్కువ వోట్లు వచ్చినవాడే గెలుచునని మనమెరుగుదుము. 1912లో అమెరికాలో అట్లు జరుగలేదు. ఆ యేట డెమోక్రటిక్ పార్టీ ప్రతినిధులు తమ అధ్యక్షాభ్యర్థిని ఎన్నుకొనుటకు బాల్టిమోరు నగరమున సమావేశమైరి. పదవ పర్యాయపు వోటింగులో న్యూయార్కు ప్రతినిధుల 90 వోట్లును ఛాంప్ క్లార్కునకే పడినవి. ఆ రాష్ట్ర ప్రతినిధులలో అధికసంఖ్యాకులు ఎటో, అందరి వోట్లును అటే లెక్కింపవలెనను నియమముండెను. (తక్కినవారి మాట ఏమని మాకు సందేహము!) దానితో క్లార్కు సగము దాటెను. కాని గెలుపునకు మూడింట రెండువంతులు కావలెను. 46వ పర్యాయమున అంతవరకు చేరినవాడు ఉడ్రో విల్సన్. తుదకు దేశాధ్యక్షుడయినదియు ఆయనయే.

ఈ నియమము వలన దక్షిణ రాష్ట్రములు కలసికట్టుగ నిలిచి, ఇష్టములేని అభ్యర్థిని అడ్డగింపగలిగెడివి. అల్పసంఖ్యాకులమైన మనకు అది న్యాయముగనే తోపవచ్చును. అయితే 1924లో అదే నియమము 103 పర్యాయములు వోటింగు జరిపించెను. 1936లో పార్టీ దానిని రద్దుచేసి, సగము దాటిన చాలునని నిర్ణయించెను.