వేలెడంత వేటగాళ్ల దీవి

ఆస్ట్రేలియా ఈశాన్య తీరానికి అవతల, గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో లిజర్డ్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. విస్తీర్ణం పది చదరపు కిలోమీటర్లు. నడుమ 359 మీటర్ల గ్రానైట్ కొండ. 1770 ఆగస్టులో కెప్టెన్ జేమ్స్ కుక్ ఈ కొండెక్కి, పగడపు దిబ్బల మధ్య చిక్కుకున్న తన ఓడకు బయటి సముద్రంలోకి దారి ఎక్కడుందో వెతుక్కున్నాడు. దీవిలో కనిపించిన పెద్ద ఉడుముల్ని చూసి దానికి ఆ పేరు పెట్టాడు. తరతరాలుగా ఈ నేల తమదైన దింగాల్ ప్రజలు దీన్ని జీగురు అంటారు. ఇక్కడ తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులు రెండు వేల ఏళ్ల కిందటివని, వాటిలో కొన్ని ఇంకా పాతవని 2024లో పరిశోధకులు ప్రకటించారు.

కొండ, తెల్లటి ఇసుక, ఉడుములు చూడదగ్గవే. నా మటుకు నాకు ఈ దీవి గొప్పతనమంతా దాని చుట్టూ ఉన్న లోతులేని నీళ్లలో ఉంది. 1973లో ఆస్ట్రేలియన్ మ్యూజియం ఇక్కడ పరిశోధన కేంద్రం తెరిచింది. 1990 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఆన్ హాగెట్, లైల్ వెయిల్ అనే శాస్త్రవేత్తల జంట దీవిలోనే కాపురముండి దాన్ని నడిపించారు. పగడపు దిబ్బల్లో చిన్న ప్రాణులు ఒకదాన్నొకటి ఎలా వేటాడతాయో, ఎలా తప్పించుకుంటాయో మనకు ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం ఈ నీళ్లు నేర్పిందే. ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకుని, రాత్రి కళ్లారా చూసిన రొయ్య పొద్దున్నకి మాయమైందేమిటని కంగారుపడే ప్రతివారూ తెలుసుకోవాల్సిన సంగతులవి.

ముందు డాటీబ్యాక్ గురించి. ఈ దిబ్బల్లో ఉండే బ్రౌన్ డాటీబ్యాక్ వేలెడంత చేప. పేరులో గోధుమ రంగు ఉన్నా పసుపు రంగులోనూ కనిపిస్తుంది. దానికి ప్రీతికరమైన తిండి డామ్సెల్ చేపల పిల్లలు. డామ్సెళ్లలోనూ పసుపు జాతి వేరు, గోధుమ జాతి వేరు. ఫాబియో కోర్టేసీ బృందం ఇక్కడి ఇసుక మీద చిన్న చిన్న పగడపు కుప్పలు పేర్చింది. కొన్నింట్లో పసుపు డామ్సెళ్లను, కొన్నింట్లో గోధుమ డామ్సెళ్లను ఉంచి, వాటి మధ్యకు డాటీబ్యాకులను తెచ్చి వదిలింది. రెండు వారాలు తిరిగేసరికి పసుపు గుంపులో పడ్డ గోధుమ చేప పసుపుగా మారింది. గోధుమ గుంపులో పడ్డ పసుపు చేప గోధుమగా మారింది. చర్మంలో పసుపు, నలుపు వర్ణకణాల పాళ్లు మారడం వల్ల జరిగే పని ఇది.

మారితే ఏం లాభం? డామ్సెల్ పిల్లలకు తమ చుట్టూ తిరిగే పెద్ద చేపల రంగు అలవాటే కాబట్టి ఆ రంగు చేప దగ్గరికొస్తే బెదరవు. రంగు కలిసిన డాటీబ్యాకుకు వేట మూడు రెట్ల దాకా ఎక్కువ ఫలించిందని 2015లో కరెంట్ బయాలజీ పత్రికలో ఆ బృందం రాసింది. పైగా ఆ రంగుతో పరిసరాల్లో కలిసిపోయి, తనను మింగే కోరల్ ట్రౌట్ కంట పడకుండానూ బతుకుతుంది. వేటాడేదీ అదే, ఇంకొకరికి వేట అయ్యేదీ అదే. ఇంటి ట్యాంకుల్లో డాటీబ్యాకులకు రొయ్యల్ని చంపుతాయని, పక్క చేపల్ని బతకనివ్వవని చెడ్డపేరు ఉంది. పగడాల సందుల్లో ఇంత తెలివిగా బతికే చేపను ‘చెడ్డది’ అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక క్లీనర్ రాస్. ఒంటి పొడవునా నల్లచార, నీలి మెరుపు ఉన్న ఈ సన్నటి చేప దిబ్బ మీద ఒకచోట నిలబడితే, దానికంటే ఎన్నో రెట్లు పెద్ద చేపలు వచ్చి నోరు, మొప్పలు తెరిచి శుభ్రం చేయించుకుంటాయి. ఒక్కో క్లీనర్ రోజుకు సగటున 1,200కు పైగా పరాన్నజీవుల్ని తింటుందని అలెగ్జాండ్రా గ్రటర్ ఇక్కడే లెక్క కట్టారు. వాటిలో ఎక్కువ భాగం రక్తం పీల్చే నాథిడ్లు. కొన్ని చిన్న దిబ్బల నుంచి క్లీనర్లను తీసేసి, మళ్లీ చేరకుండా ఎనిమిదిన్నరేళ్లు కాపలా కాశారు. ఆ దిబ్బల మీద స్థిరంగా ఉండే చేపలు 37 శాతం, వాటి జాతులు 23 శాతం తక్కువగా కనిపించాయి.

అంత మేలు చేసే చేపకూ ఓ యావ ఉంది. పరాన్నజీవుల కంటే చేప ఒంటి మీది జిగురు దానికి రుచి. అదను దొరికితే జిగురుతో పాటు చర్మమూ కొరుకుతుంది. కొరికించుకున్న చేప ఉలిక్కిపడి దాన్ని తరుముతుంది, లేదా వదిలేసి ఇంకో క్లీనర్ దగ్గరికి పోతుంది. క్లీనర్‌ను అదుపులో పెట్టేవాటిలో ఈ రెండూ ముఖ్యమైనవి. నీలిచారల ఫాంగ్ బ్లెన్నీ అయితే మరీ ఘోరం. పిల్ల క్లీనర్ వేషం కట్టి, నమ్మి నిలబడ్డ చేప పొలుసుల్నీ చర్మాన్నీ కొరుక్కుని పారిపోతుంది. మోసపోయిన చేపలు తర్వాత ఆ చోటికి రావడం మానుకుంటాయి. ఈ వ్యవహారంలో ‘వెళ్లిపోవడం’ అన్న మాటను పట్టుకోవాలి. పెద్ద సముద్రంలో చిన్న చేపకున్న ఆయుధం అదే. నాలుగడుగుల గాజు పెట్టెలో మనం దాని చేతిలోంచి లాగేసుకునేదీ అదే.

బయటి సముద్రం నుంచి రాత్రిపూట దిబ్బకు చేరే చేపపిల్లల్లో సగానికి పైగా ఒకటి రెండు రోజుల్లోనే ఎవరికో ఒకరికి ఆహారమైపోతాయి. మిగిలినవి నేర్చుకుంటాయి. చేప చర్మం చిట్లినప్పుడు నీళ్లలో కలిసే రసాయనాల వాసన తోటి చేపలకు ప్రమాద సంకేతం. ఆ వాసనతో పాటు కొత్త వేటగాడి వాసన ఒక్కసారి తగిలినా పిల్ల డామ్సెల్ జ్ఞాపకం పెట్టుకుంటుంది. జేమ్స్ కుక్ యూనివర్సిటీలో పనిచేసిన మార్క్ మెకార్మిక్, ఆయన సహచరులు ఈ దీవి దగ్గర ఏళ్ల తరబడి శ్రమించి దీన్ని నిరూపించారు. కానీ దాక్కోవడానికి చోటు, పారిపోవడానికి దూరం ఉన్నప్పుడే కదా ఆ చదువు అక్కరకొచ్చేది!

వెన్నెముక లేని వేటగాళ్లలో మాంటిస్ రొయ్యను మించింది లేదు. పీకాక్ మాంటిస్ దెబ్బ వేగం సెకనుకు 23 మీటర్ల దాకా ఉంటుందని షీలా పాటెక్ బృందం 2004లో కొలిచింది. గంటకు ఎనభై కిలోమీటర్లకు పైమాట. ఆ వేగానికి నీళ్లలో పుట్టిన బుడగ చితికినప్పుడు నత్తగుల్లకు రెండో దెబ్బ తగులుతుంది. చిన్న మాంటిస్‌లు, సముద్రం నుంచి తెచ్చి ట్యాంకుల్లో పెట్టే ‘లైవ్ రాక్’ రాళ్ల రంధ్రాల్లో దాక్కుని ఇళ్లలోకి వచ్చేస్తాయి. రాత్రి ట్యాంకులోంచి టక్‌మన్న చప్పుడు వినబడి, నత్తలు ఒక్కొక్కటే తగ్గిపోతుంటే అనుమానించాల్సింది వాటినే. 1998లో ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మత్ అక్వేరియంలో టైసన్ అనే మాంటిస్ పావు అంగుళం గాజును పగలగొట్టింది.

బాబిట్ అనే సముద్రపు పురుగుదీ ఇదే దారి. ఇంగ్లండ్‌లోనే న్యూకీ పట్టణపు అక్వేరియంలో 2009లో పగడాలు తెగిపడుతున్నాయి, చేపలకు గాయాలవుతున్నాయి. ఉచ్చులు పెట్టినా ఏదీ చిక్కలేదు. చివరికి రాళ్లన్నీ విప్పదీస్తే నాలుగడుగుల పురుగు బయటపడింది. పిల్లగా రాతితో వచ్చి అక్కడే పెరిగిందని సిబ్బంది భావించారు. బాబిట్ పురుగులు ఇండొనేషియాలోని లెంబే జలసంధి ఇసుకలోనూ ఉంటాయి. అక్కడ చిన్న చేపలు గుంపుగా చేరి, పురుగున్న బొరియ మీదికి నోటితో నీళ్లు చిమ్మి, దాన్ని లోపలికి పంపేస్తాయని 2016లో ఓ పరిశోధన వెలువడింది. అక్వేరియం చేపలకు ఆ గుంపు లేదు, ఆ మైదానమూ లేదు.

అలాగని రాతిలో కనబడ్డ ప్రతి పీతనూ పీకి పారేయడం తొందరపాటు. ట్రపీజియా అనే చిన్న పీతలు కొమ్మ పగడాల మధ్య ఉంటూ, పగడాన్ని తినడానికి వచ్చే ముళ్ల కిరీటపు నక్షత్ర చేపను గిల్లి గిల్లి వెనక్కి పంపేస్తాయి. తీసేసే ముందు ఏ పీతో గుర్తుపట్టాలి.

ఈ దీవి ఇప్పుడు కష్టంలో ఉంది. 2014లో ఇటా, 2015లో నేథన్ తుపానులు పగడాల్ని విరగ్గొట్టాయి. 2016లో నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబారాయి. 2024లో వచ్చిన వేడికి, పరిశీలించిన చోట్ల సగటున 92 శాతం పగడాలు చనిపోయాయని డ్రోన్ చిత్రాల ఆధారంగా శాస్త్రవేత్తలు తేల్చారు. కొమ్మ పగడం పోతే డామ్సెల్ పిల్లకు దాక్కునే చోటు పోయినట్టే. ఆ పిల్లల మీద బతికే డాటీబ్యాకుకూ కష్టమే.

మన దేశంలో రీఫ్ ట్యాంకు పెట్టుకోవాలనుకునే తెలుగువారికి చెప్పాల్సినవి కొన్నున్నాయి. క్లీనర్ రాస్‌ను కొనకండి. చిన్న ట్యాంకులో దానికి చాలినన్ని పరాన్నజీవులు దొరకవు. డాటీబ్యాకును తెచ్చుకుంటే చిన్న రొయ్యల్ని దాంతో కలపకండి. సందులు, గుహలు ఎక్కువగా ఉండేలా రాళ్లు పేర్చండి, చేపల్ని తక్కువగా ఉంచండి. క్లౌన్ చేపల్నీ, కొన్ని డామ్సెళ్లనూ హేచరీలో పుట్టించే పద్ధతుల్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన మండపం కేంద్రం రూపొందించింది. సముద్రం నుంచి పట్టిన చేప వద్దని, హేచరీ చేపే కావాలని దుకాణదారుణ్ని గట్టిగా అడగండి. పగడాల జోలికి మాత్రం వెళ్లొద్దు. దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం.